తీగలేని మీట

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చదివిన ఉపన్యాస పాఠము)



ఏ సంఘమువారి సమూహ ఛాయాచిత్రమునైనను శ్రద్ధగా పరిశీలించినచో ఒక వింత కానవచ్చును. కుర్చీలలో పెద్దలుందురు. వెనుక వరుసలో యువకులు నిలిచియుందురు. నేలపై తివాచీ మీద పిల్లలు కూర్చుండి యుందురు. అందరు నుందురు గాని ఫొటో తీసినవాడు మాత్రము ఉండడు. ఏండ్ల తరబడి ఉత్సవములన్నిటికి కెమేరా మెడలో వ్రేలాడవేసికొని తిరిగిన ఉద్యోగి యొక్క ముఖము తన యింటి ఆల్బములోనే కరవగును. "ఇందులో తాతగారేరీ?" యని మనుమలడిగినపుడు, "ఇది తీసినది ఆయనే నాయనా" యని అమ్మమ్మ సమాధానము చెప్పుకొనవలసి వచ్చును.

దీనికి కెమేరా కంపెనీలవారు ఒక ఉపాయము నేర్పరచినమాట నిజమే. మీట నొక్కిన పది సెకనుల తరువాత షట్టరు తనంత తాను పడును. కాని ఆ పది సెకనులలో ముక్కాలిపీట నుండి వెనుక వరుస దాక పరుగెత్తి, పంచె సవరించుకొని, ఆయాసము కనబడకుండ చిరునవ్వు నవ్వుట అందరికి సాధ్యమగు పని కాదు. చాల చిత్రములలో ఆయన వీపు మాత్రమే మిగులును. కావున నిలిచిన చోటనే నిలిచి, చేతిలోని చిన్న మీట నొక్కగా దూరమున నున్న కెమేరా పనిచేయు సాధనము కావలెను. తీగ యుండిన అది చిత్రములో కనబడును, పిల్లల కాళ్లకు తగులుకొనును. అందుచే తీగ లేకుండ జరుగవలెను. ఇట్టి సాధనము బజారులో దొరకును. ఇంటిలో కూడ తయారు చేసికొనవచ్చును. చాందినీ చౌకు సందులలో రేడియో భాగములమ్ము అంగళ్లకు పోయిన యే కళాశాల విద్యార్థియైనను కొద్దిపాటి సొమ్ముతో దానిని నిర్మింపగలడు.

ఈ నాటి ప్రసంగమునకు ఆ చిన్న పెట్టెయే విషయము. అయితే దాని నిర్మాణమును చెప్పుటకు ముందు చెప్పవలసిన సంగతి యొకటి కలదు. ఇచట మీట నొక్కిన, నడుమ తీగ లేకుండ, గోడల కావల గంట మ్రోగుట అను కార్యమును ప్రజల యెదుట చేసి చూపిన తొలి పట్టణములలో ఈ పట్టణ మొకటి. 2001లో కోల్‌కతా యని పేరు మారిన ఈ కలకత్తాలోనే, 1895వ సంవత్సరమున, ఇంటి పనిముట్లవంటి సామగ్రితో ఆచార్య జగదీశచంద్ర బోసుగారు ఆ పని చేసిరి.

బోసుగారు 1858 నవంబరు 30వ తేదీన జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్ర బోసు డిప్యూటీ మేజిస్ట్రేటు. కలకత్తా సెయింటు జేవియర్సు కళాశాలలో ఫాదర్ లఫాంట్ అను గురువు ఆయనకు ప్రయోగములందు రుచి పుట్టించెను. ఇంగ్లాండులో మొదట వైద్యము చదువబోయి, అనారోగ్యముచే మాని, కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రముల నభ్యసించిరి. అచట లార్డ్ రేలీ ఆయనకు గురువు. 1885లో తిరిగివచ్చి ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యులైరి.

ఇచట నొక జీతపు కథ యున్నది. సర్కారు కొలువులో నున్నవారు దీనిని ఇతరులకంటె బాగుగ అర్థము చేసికొనగలరు. ఆ రోజులలో భారతీయుడైన ఆచార్యునకు, అదే పని చేయు ఐరోపీయుని జీతములో మూడింట రెండు వంతులు మాత్రమే ఇచ్చుచుండిరి. బోసుగారి నియామకము తాత్కాలిక మగుటచే అందులోను సగమే యిచ్చెదమనిరి. అనగా తన ప్రక్క గదిలో పాఠము చెప్పు తెల్లదొరకు మూడు రూపాయలు ముట్టిన, ఈయనకు ముట్టునది ఒక రూపాయి. భారతీయులకు సూక్ష్మమైన శాస్త్రవిషయములను బోధించు శక్తి లేదనునది దాని వెనుకనున్న అభిప్రాయము.

బోసుగారు మహజరు వ్రాయలేదు, రాజీనామా ఇయ్యలేదు. పని పూర్తిగా చేసిరి. జీతము మాత్రము ముట్టలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడు సంవత్సరములు. అపుడాయన తండ్రి అప్పులలో నుండెను. 1887లో వివాహము కూడ జరిగెను. భార్య అబలాదేవి మదరాసునకు పోయి వైద్యవిద్య నభ్యసించిన స్త్రీ. ఆ కాలమున అది సామాన్య విషయము కాదు. మొదటి తేదీన చేతికి వచ్చు సొమ్మును వలదని, మూడేండ్లు సంసారమీదుట యెట్టిదో ఆలోచించుకొనవచ్చును. సత్యాగ్రహమను మాట పుట్టుటకు ఇంకను ఇరువది యేండ్ల వ్యవధి యున్నది. తుదకు పై యధికారులే దిగివచ్చి, ఆయన ఉద్యోగమును మొదటి దినము నుండియే వర్తించునట్లు స్థిరపరచి, మూడేండ్ల పూర్తి జీతము నొక్కమారుగా చెల్లించిరి. ఆ బకాయి సొమ్ముతో ఆయన తండ్రి ఋణములు తీర్చిరి. బకాయి జీతములలో ఇంతకంటె గౌరవముగ వచ్చినది, గౌరవముగ ఖర్చయినది మరియొకటి యుండునా యని సందేహము.

జీతము వచ్చినను ప్రయోగశాల రాలేదు. 1894 నవంబరు 30న, తన ముప్పదియారవ జన్మదినమున, బోసుగారు ఇక పరిశోధనకే జీవితము నంకితము చేయవలెనని నిశ్చయించుకొనిరి. అందులకు దొరికినది కళాశాలలో స్నానపు గది ప్రక్కనున్న ఇరువది నాలుగు చదరపు అడుగుల చోటు. ఒక మంచము వేసిన నిండిపోవు స్థలమది. సహాయకుడుగా దొరికినది రేకుపని చేయు ఒక కంసాలి. ఇంగ్లాండునందలి పరికరములు వాడు కన్నది లేదు, విన్నది లేదు. అయినను ఆచార్యుడు గీచి చూపిన దానిని చేతులతో చేయగలడు. వాని పేరు గ్రంథములలోనికి ఎక్కియుండవలసినది.

ఈ పట్టణమునకు ఇట్టి విద్వాంసులు క్రొత్త కాదు. 1907లో ఆర్థిక శాఖలో అసిస్టెంటు అకౌంటెంటు జనరలుగా వచ్చిన సి. వి. రామన్ ఆఫీసునకు ముందును ఆఫీసు విడిచిన పిమ్మటను బౌబజారు వీథిలోని శాస్త్రసంఘ భవనమున ప్రయోగములు చేసికొనుచుండెను. మన తెలుగువారిలో సూరి భగవంతంగారు 1928లో ఆయన కడకే వచ్చి చేరిరి. ఆ కథ వేరు. దానికి వేరొక సాయంకాలము కావలెను.

ఇక ఆ గదిలో జరిగిన పని. కాంతియు విద్యుత్తరంగములును ఒకే జాతివి యని మాక్స్‌వెల్ గణితముచే చెప్పియుండెను. హెర్ట్‌జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1886 మొదలు 1888 దాక చేసిన ప్రయోగములలో ఆ తరంగములను నిజముగ పుట్టించి చూపెను. కాని ఆయన తరంగములు పొడవైనవి. కొలతకు అడుగులు, గజములు కావలెను. అంత పొడవైన తరంగము కాంతివలె తిన్నగ పోవుచున్నదా, అద్దము మీద పడి తిరుగుచున్నదా యని చూడవలెనన్న అద్దములు తలుపులంత యుండవలెను. బోసుగారి గది తలుపంత లేదు. కావున ఆయన తరంగమునే కుదించిరి. ఐదు మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యము వరకు, అనగా పెసరగింజ యంత పొడవు వరకు దిగిరి. పౌనఃపున్యమున చెప్పిన, సెకనునకు ఆరువేల కోట్ల కంపనములు. చోటు లేని లోపము ఇచట మేలే చేసినది; పరికరమంతయు ఒక మేజాబల్లపై ఇమిడిపోయినది.

ఆ పరికరమున రెండు ముఖ్య భాగములు. మొదటిది పంపునది. చిన్న లోహపు గుండ్ల నడుమ ఒక విద్యుత్స్ఫులింగము, అనగా నిప్పురవ్వ, దూకును. ఆ రవ్వ నుండి తరంగము పుట్టును. ఇతరుల యంత్రములలో ఇండక్షను కాయిలు దడదడ కొట్టుకొనుచు ఎడతెగక రవ్వలు రాల్చుచుండెడిది. గుండ్లు త్వరగా మాడిపోయెడివి. బోసుగారు ఆ కొట్టుకొను భాగమును తీసివేసి, ఒక మీట నమర్చిరి. మీట నొకమారు నొక్కిన ఒక రవ్వ. ఒక రవ్వకు ఒక తరంగపు మెరుపు. బ్యాటరీ, కాయిలు అన్నియు ఒక లోహపు పెట్టెలో మూసి, తరంగము గొట్టము వంటి నోటి గుండ మాత్రమే బయటికి వచ్చునట్లు చేసిరి. చేతిలో పట్టుకొను నేటి రిమోటు పెట్టెకు దీనికంటె దగ్గరి పూర్వికుడు దొరకడు.

రెండవది అందుకొనునది. ఫ్రాన్సులో బ్రాన్లీ 1890లో ఒక విశేషమును కనుగొనెను. గాజు గొట్టములో వదులుగా పోసిన లోహపు పొడి సామాన్యముగ విద్యుత్తును పోనీయదు. సమీపమున విద్యుత్తరంగము పుట్టినచో ఆ రేణువులు ఒకదానినొకటి అంటుకొని దారి యిచ్చును. ఇంగ్లాండున లాడ్జి దీనినే మెరుగుపరచి కొహీరరు అను పేరు పెట్టెను. ఈ పొడికొక దుర్గుణము కలదు. ఒకమారు దారి యిచ్చిన పిదప, ఎవరైన తట్టి కదలించు వరకు మరల మూసికొనదు. ఒక రోజు చెప్పిన మాట వినును, మరునాడు వినదు. బోసుగారు పొడిని తీసివేసి సన్నని ఉక్కు స్ప్రింగులను వరుసగా పేర్చి, ఒక మరతో వాని మీది యొత్తిడిని సవరించు ఏర్పాటు చేసిరి. వంగదేశపు తేమగాలికి ఉక్కు త్రుప్పు పట్టుట యొక తగవు. దానికి వేరొక లోహపు పూత పూయవలసి వచ్చెను. ఆషాఢ శ్రావణములలో ఈ ఊర పెట్టెలోని కత్తెరకు కూడ త్రుప్పు పట్టునని ఇచట కాపురమున్న గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు.

1895లో బహిరంగ ప్రదర్శనము జరిగెను. అధ్యక్షుడు వంగరాష్ట్రపు లెఫ్టినెంటు గవర్నరు. ఉపన్యాసపు గదిలో పంపు పరికరమును, డెబ్బదియైదు అడుగుల దూరమున మరియొక గదిలో అందుకొను పరికరమును ఉంచిరి. నడుమ మూసిన గోడలు. లెఫ్టినెంటు గవర్నరుగారు బాగుగ కండపట్టిన మనిషి. ఆయన దేహము కూడ తరంగముల త్రోవలోనే యుండెను. బోసుగారు మీట నొక్కిరి. గోడల కావలి గదిలో గంట మ్రోగెను, పిస్తోలు పేలెను, తుపాకిమందు పెట్టిన చిన్న మందుపాతర ప్రేలెను. అంత చిన్న పరికరము అంత దూరము పోవుటకై ఇరువది అడుగుల కొయ్య మీద గుండ్రని లోహపు పళ్లెము నొకదానిని ఎక్కించి, దానిని పరికరమునకు కలిపియుండిరి. అందుకొను వైపునను అట్లే. తరువాతి కాలమున ఇండ్ల మీద మొలచిన ఏరియళ్ల పోలిక అందు కానవచ్చుచున్నది.

ఈ ప్రదర్శనమును వర్ణించిన వారి మాటలలో కొంత భేదము కలదు. 1920లో బోసుగారి జీవితచరిత్ర వ్రాసిన పాట్రిక్ గెడ్డీసు మూడు గోడలనెను. 2012లో అంతర్జాతీయ విద్యుదింజనీర్ల సంస్థవారు ప్రెసిడెన్సీ కళాశాలకు సమర్పించిన ఫలకముపై రెండు గోడలనియు, ఇరువదిమూడు మీటర్లనియు ఉన్నది. కొందరు టౌనుహాలులో జరిగినదందురు. ఫలకము ప్రెసిడెన్సీ కళాశాల యనుచున్నది. గోడలు రెండయినను మూడయినను గంట మ్రోగినదన్న మాటలో మాత్రము భేదము లేదు.

ఇచట ఒక ప్రశ్న పుట్టవలెను. పిల్లలలో ఎవరైన ఈపాటికి అడుగనే అడుగుదురు. గవర్నరు దేహములో నుండి పోయినను ఆయనకు తెలియనంత బలహీనమైన తరంగము పిస్తోలు నెట్లు పేల్చెను? నిజమునకు తరంగము పిస్తోలును పేల్చలేదు. అది చేసిన పని యొకటే: కొహీరరులోని స్ప్రింగులు అంటుకొనునట్లు చేసినది. అంతట అచటనే యున్న బ్యాటరీ నుండి కొద్దిపాటి విద్యుత్తు పారి, రిలే యను విద్యుదయస్కాంతపు కవాటమును లాగినది. ఆ కవాటము మూసికొనగా మరియొక బలమైన బ్యాటరీ గంటను కొట్టినది, పిస్తోలు గుర్రమును వదలినది. పై అధికారి పొట్టి అక్షరములలో సంతకము చేయును. ఆ సంతకములో బలమేమియు లేదు. కాని దానిని చూచి బంట్రోతు గది తాళము తీయును, గుమాస్తా ఫైలు కదపును, ఖజానాలో సొమ్ము చేతులు మారును. తరంగము సంతకము వంటిది. శక్తి యంతయు అందుకొను వైపుననే సిద్ధముగ నుండును. ఇంటిలో చేయు కెమేరా రిమోటునకు ఇదియే మూలసూత్రము.

కొలతలందును బోసుగారు ఇంటి వస్తువులనే వాడిరి. విద్యుత్తరంగములకు ధ్రువణమను గుణము కలదని చూపవలెను. అనగా తరంగము ఒకే దిశలో ఊగునట్లు వడగట్టవలెను. 1897 జనవరి 29న లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఉపన్యసించుచు ఆయన ఇందులకు బ్రాడ్‌షా రైల్వే కాలపట్టికను వాడి చూపిరి. పుటల నడుమ తగరపు రేకులు పెట్టిన ఆ పుస్తకము ఒక వైపు పట్టినపుడు తరంగమును ఆపును, తొంబది భాగలు త్రిప్పినపుడు పోనిచ్చును. రైలు శాఖవారికి ఇది సంతోషము కలిగింపవచ్చును. కాలపట్టిక ఒక పనికి తప్పక ఉపకరించినట్లు దీనివలన రుజువగుచున్నది. మరుసటి యేడు జనపనార పీచును కట్టలుగ మెలివేసి, ఆ మెలికల గుండ పోయిన తరంగపు ఊగు దిశ తిరుగుట చూపిరి. చక్కెర ద్రావణము కాంతిని త్రిప్పుటను పోలిన విషయమిది. హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లులలో శ్రీకాకుళము, గంజాము సీమల నుండి వచ్చిన తెలుగు కూలీలు తరముల తరబడి మెలివేసినదియు ఆ పీచునే.

1896లో లివర్‌పూలు సభలో ఈ పరికరములను చూపినపుడు వృద్ధుడైన లార్డ్ కెల్విన్ కుంటుచు మెట్లెక్కి పోయి, మేడపై స్త్రీల నడుమ కూర్చున్న అబలాదేవి నభినందించెను. జీతము లేని సంసారము నీదినది ఆమెయే కావున ఆ యభినందనము సరియైన చోటికే చేరినదనవలెను.

మార్కోనీ 1896లో ఇంగ్లాండున పేటెంటు కోరెను. 1901 డిసెంబరులో అట్లాంటికు సముద్రము దాటించి సంకేతము నందుకొంటినని ప్రకటించెను. 1909లో నోబెలు బహుమానము నందుకొనెను. బోసుగారు 1899లో ఇనుము, పాదరసములతో చేసిన ఒక కొహీరరును రాయల్ సొసైటీకి నివేదించియుండిరి. మార్కోనీ ఆనాడు వాడిన సాధనము దీని నుండియే వచ్చినదని 1998లో ఒక భారతీయ ఇంజనీరు సాక్ష్యములతో వాదించిరి. బోసుగారికి పేటెంట్లపై మనసు లేదు. స్నేహితుల బలవంతము మీద, గెలీనా యను సీసపు ఖనిజముతో చేసిన గ్రాహకమునకు 1901లో అమెరికాలో దరఖాస్తు పెట్టగా 1904 మార్చి 29న పేటెంటు వచ్చినది. దాని వలన పైకము గడింపవలెనని ఆయన యత్నింపలేదు. దీనినిబట్టి రేడియో నంతటిని ఆయనకే కట్టబెట్టి, మార్కోనీని దొంగయనుట పత్రికలలో ఇంపుగనుండును గాని సరికాదు. మార్కోనీ వార్తలు పంపు వ్యాపారమును నిర్మించెను. బోసుగారి దృష్టి తరంగముల స్వభావముపై నుండెను. పిదప అదియు విడిచి మొక్కల వైపు మరలెను. ఆయనకు రావలసిన పేరు ఆయన చేసిన పనిలోనే సమృద్ధిగ నున్నది.

దూరము నుండి యంత్రమును నడుపుటలో తరువాతి పెద్ద అడుగు అమెరికాలో పడినది. 1898లో న్యూయార్కున టెస్లా ఒక చిన్న పడవను నీటితొట్టిలో తీగ లేకుండ నడిపెను. అందులోను అందుకొను భాగము కొహీరరే. గంట మ్రోగుట వేరు. పడవ కుడికి తిరుగుమన్న కుడికే తిరుగుట వేరు. ఆజ్ఞలనేకము లయినపుడు ఒకదానినుండి మరియొకదానిని వేరుచేయు సంకేతము కావలసి వచ్చెను.

ఇపుడు కెమేరా కడకు వత్తము. నేటి ఇంటి రిమోటులో నిప్పురవ్వ లేదు. దాని స్థానమున కందిగింజకంటె కొంచెము పెద్దదైన పరారుణ దీపము, అనగా కంటికి కనబడని కాంతి నిచ్చు ఎల్.ఈ.డి. యుండును. టెలివిజను రిమోటు కొసన నుండునది అదియే. తరంగదైర్ఘ్యము 940 నానోమీటర్లది వాడుక. పాడయిన టెలివిజను రిమోటును విప్పిన ఉచితముగనే దొరకును. వెలుగుచున్నదో లేదో కంటికి తెలియదు గనుక, సెల్‌ఫోను కెమేరాతో చూడవలెను. చాల ఫోనులలో మసక ఊదారంగు మెరుపు కానవచ్చును.

ఆ దీపమును ఊరక వెలిగించిన కెమేరా లక్ష్యపెట్టదు. సూర్యకాంతిలోను, గదిలోని దీపములలోను పరారుణ కిరణములు కావలసినన్ని కలవు. కెమేరా వానికన్నిటికి ఉలికిపడినచో చిత్రములకు అంతముండదు. కాబట్టి రిమోటు తన వెలుగును ఒక లయలో ఆర్పుచు వెలిగించును. ఉదాహరణకు క్యానన్ కంపెనీవారి ఆర్.సి.-1 అను రిమోటు సెకనునకు దాదాపు ముప్పదిమూడు వేల మార్లు రెపరెపలాడు వేగముతో పదునారు మెరుపులు మెరసి, 7.3 మిల్లీసెకనులు ఊరకుండి, మరల పదునారు మెరుపులు మెరయును. కెమేరాకు అది "వెంటనే తీయుము" అను ఆజ్ఞ. నడిమి మౌనము 5.4 మిల్లీసెకనులయినచో అర్థము మారి, "రెండు సెకనులాగి తీయుము" అగును. మెరుపులు రెంటను ఒకటియే. మౌనపు నిడివిలో భేదము. మృదంగ విద్వాంసులకు ఈ సంగతి విచిత్రముగ తోపదు.

ఈ లయను కట్టుటకు చేతితో మీట నొక్కిన చాలదు. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డునో వంటి చిన్న మైక్రోకంట్రోలరు పలక కావలెను. దానికి ఒక మీట, దీపమునకు వరుసగా ఒక నిరోధకము, బ్యాటరీ. నిరోధకమును మరచిన దీపము మాడిపోవును. మొదటిసారి చేయువారిలో చాలమంది మరతురు. సంకేతపు నిడివిని కొలిచి సరిచూచుకొనుటలోనే అసలు శ్రమ యున్నది. రెపరెపల వేగము తప్పిననాడు పెట్టె బయటికి నిక్షేపముగ నుండును, దీపము ఫోనులో వెలుగుచునే యుండును, కెమేరా మాత్రము మౌనము వహించును. అట్టివేళ అతుకులన్ని విప్పి మరల అతుకుట తొందరపాటు. సంకేతమునే ముందుగ అనుమానింపవలెను. అన్ని కెమేరాలకు ఒకే సంకేతము లేదు. పరారుణ కన్నే లేని కెమేరాలు కూడ కలవు. కావున సామగ్రి కొనుటకు ముందు కెమేరా పుస్తకమును చదువవలెను.

కన్ను లేని కెమేరాకు వేరొక మార్గము. క్యానన్ వారి పెక్కు నమూనాల ప్రక్కన 2.5 మిల్లీమీటర్ల చిన్న రంధ్రముండును. అందు మూడు స్పర్శలు: ఒకటి ఉమ్మడి, ఒకటి దృష్టి కుదుర్చుటకు, ఒకటి షట్టరునకు. ఉమ్మడిదానితో షట్టరుదానిని తాకించిన చిత్రము పడును. అంతకుమించి రహస్యమేమియు లేదు. రేడియో తరంగము నందుకొను చిన్న పలకను కెమేరా కడ నుంచి, దాని చేత ఒక రిలేను గాని, కాంతి ద్వారా పనిచేయు ఆప్టోకప్లరును గాని మూయించి, ఆ రెండు స్పర్శలను కలిపిన చాలును. రిలే టిక్కుమని మూసికొనగనే షట్టరు పడును. బోసుగారి రెండవ గదిలో జరిగినది సరిగా ఇదియే. పిస్తోలున్న చోట కెమేరా యున్నది. పరారుణ కాంతి గోడ దాటదు, ఎండలో తడబడును, కెమేరా ఎదుట నిలిచిననే వినబడును. రేడియోకు ఆ బాధ లేదు. శీతకాలమున సాంత్రాగాఛి చెరువునకు వచ్చు బాతులను తీయగోరువారు కెమేరాను ఒడ్డున రెల్లు నడుమ నుంచి దూరమున కూర్చుండవలెనన్న రేడియోయే శరణ్యము. దుర్గాపూజ రాత్రులలో దీపాలంకారములను నిడివిగా షట్టరు తెరచి తీయువారికిని రిమోటు మేలు. వ్రేలితో నొక్కినపుడు కలుగు ఆ కొంచెపు వణుకే దీపములను గీతలుగ సాగదీయును.

బోసుగారు 1917 నవంబరు 30న స్థాపించిన బసు విజ్ఞానమందిరము ఆచార్య ప్రఫుల్లచంద్ర రోడ్డులో నున్నది. ఆయన పరికరములలో కొన్ని అచటి సంగ్రహాలయమున భద్రపరుపబడినవి. పిల్లలను తీసికొనిపోవు తల్లిదండ్రులు ముందుగ అనుమతి కనుగొని పోవుట మంచిది. 60 గిగాహెర్ట్‌జుల సీమలోనే నేడు గదిలోపల అతివేగముగ సమాచారము పంపు వైఫై పద్ధతి యొకటి నడచుచున్నదని పెద్ద పిల్లలకు చెప్పినచో, రేకుపనివాని చేతి గొట్టములను వారు మరియొకమారు వెనుదిరిగి చూతురు.

సమూహ ఛాయాచిత్రమున రిమోటు చేతిలో కనబడునేమో యని సందేహింపనక్కరలేదు. రెండు సెకనుల సంకేతమును వాడవలెను. చేయి చాచి, మీట నొక్కి, చేతిని పంచె మడతలోనికి దింపుకొని, ప్రక్కవారి భుజముతో భుజము చేర్చి నిలుచుటకు ఆ రెండు సెకనులు చాలును.